జానెడు దూరపు లెన్సు

కెమెరా కొనేటప్పుడు నేను ఎవరి అనుమతీ అడగలేదు. ఆ సంగతి మా బావకు చాలాకాలం మింగుడు పడలేదు. ఆయన మా అక్క భర్త. ఉప్పల్ చౌరస్తాలో ఫోటో స్టూడియో నడిపేవాడు. డెబ్బైల తొలి రోజులవి. నాచారం చర్చిలో పెళ్లయినా బాప్తిస్మమైనా ఫోటోలకు ఆయనే రావాలి. నేను హబ్సిగూడలో చిన్నపిల్లల బడిలో టీచర్ని. నా జీతం, నా ఇష్టం.

"డబ్బా కెమెరా కొనుక్కో పిల్లా. మీట నొక్కితే సాలు, ఫోటో వస్తది. లెన్సులు గిన్సులు నీకెందుకే?" అన్నాడు బావ.

ఆ "నీకెందుకే" విన్నాక ఇక డబ్బా కెమెరా కొంటానా? సీసా మూతలా తిప్పి బిగించే లెన్సు ఉండి, ఆ లెన్సులోంచే చూసి తీసే కెమెరా కావాలని పట్టుబట్టాను. మా బడి వెనక ఇంట్లో ఒక ఇంజనీరు ఉండేవారు. శిక్షణకు రష్యా వెళ్లి అలాంటిది తెచ్చుకున్నారు. లెన్సు కింద పడి పగిలిపోవడంతో మిగతా కెమెరాను నాకు అమ్మేశారు. ఇక లెన్సు వెతుక్కోవాలి.

రెండు నెలలు సెలవు దొరికినప్పుడల్లా కోఠీలో పాత సామాన్ల దుకాణాలు తిరిగాను. చివరికి ఒక ఇరుకు కొట్టులో మూడు లెన్సులు కనిపించాయి. వెలుతురుకు ఎత్తి చూస్తే ఒకదాని లోపల బూజు పట్టింది. రెండోదాని రింగు వదులైపోయింది. మూడోది అద్దంలా ఉంది. కెమెరాకు పెట్టి తిప్పితే మర చక్కగా కలిసి బిగుసుకుంది. కొట్టాయన చేతి గడియారం బల్ల మీద ఉంటే దాని మీద గురిపెట్టాను. సెకన్ల ముల్లు, దాని కింద చీమంత అక్షరాలు కూడా స్పష్టంగా కనిపించాయి. మురిసిపోయి వెంటనే కొనేశాను. తలెత్తి వీధివైపు ఒక్కసారి చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

మర్నాడు ఆదివారం. చర్చి ముందు పాటల బృందాన్ని వరసగా నిలబెట్టి కెమెరా కంటికి ఆనించాను. అంతా మసక. రింగును చివరిదాకా తిప్పినా ఒక్క ముఖమూ తేలలేదు. బావ కెమెరా లాక్కుని చూసి, అందరి ముందూ పకపకా నవ్వాడు.

"మర ఒక్కటే గని, గిది వేరే రకం కెమెరా లెన్సు. జానెడు దూరంల ఉన్నదే కనవడ్తది. వాపసిచ్చెయ్యి."

"ఇయ్య" అన్నాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా ఆ మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

మా నాన్న నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఇత్తడి కుళాయిలకు మెరుగు పూత పూసేవాడు. మందు నీళ్ల తొట్టిలో చేతులు ముంచి ముంచి వేళ్ల మీద గుండ్రంగా పుండ్లు పడ్డాయి. ఆ పనిలో ఉన్న తొమ్మిది మందిదీ అదే గతి. చేతులకు తొడుగులు అడిగితే, అవి ఇంటి దగ్గర చేసుకున్న గాయాలని పై అధికారి కొట్టిపారేశాడు. ఫోటోలు తీసి చూపిద్దామంటే, ఆ ఫ్యాక్టరీ ఆఫీసర్లంతా తన గిరాకీలని బావ తప్పుకున్నాడు. పనివాళ్లకూ భయమే.

"మొకం వడితే నౌకరి పోతది బిడ్డా" అన్నాడు నాన్నతో పనిచేసే ఒకాయన.

"నా కెమెరాల మొకం వట్టది కాకా. నాలుగు వేళ్లే వడ్తయి" అన్నాను.

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండాలో, మంచి వెలుతురులో, బల్ల మీద ఒక్కొక్క చెయ్యీ పెట్టించి తీశాను. గాయం అంచు, దాని చుట్టూ పగిలిన చర్మం, అన్నీ పడ్డాయి. ఫిలిం కడిగి ఫోటోలు వేసింది బావే. ఈసారి నవ్వలేదు. డబ్బులు తీసుకోలేదు కూడా.

నాన్నా నేనూ ఆ అధికారి గదికి వెళ్లాం. తొమ్మిది ఫోటోలూ బల్ల మీద పరిచాను. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"ఎవరివి ఇవి? పేర్లు చెప్పు."

"చెప్పను."

"పేరు లేని చెయ్యి ఎవరిదైనా కావచ్చమ్మా. ఏ దవాఖానాలోనో తీసి తెచ్చి ఉంటావు."

వాళ్లను కాపాడుతుందనుకున్నదే మా నోరు నొక్కేసింది. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోటోలు తీసుకుని వెళ్లమన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు.

అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడిన నాన్న బల్ల దగ్గరికి వచ్చాడు. ఒక ఫోటో పక్కన తన చెయ్యి బోర్లించి, వేళ్లు విడదీసి పెట్టాడు.

"గిది నాది సారూ, సూసుకోన్రి. నా పేరు రాసుకోన్రి. తొడుగులు ఇచ్చేదాంక గీ సెయ్యి తొట్టిల వెట్ట."