రెండు ఎడమలు

"...అంటే తప్పు గుడ్డదంటారా? రాత్రిదాకా బుద్ధిగా ఉన్న గుడ్డ, పొద్దున్నే మీ చెయ్యి పడగానే ఎడమకి తిరిగిపోయిందా?"

"గుడ్డదని నేనన్నానా? వెలుతురు సరిగ్గా లేదన్నాను."

"కిటికీ బార్లా తెరిచే ఉంది. వెలుతురుకేం రోగం?"

రోగం ఎవరికో ఇద్దరికీ తెలుసు.

కటింగ్ టేబులు మీద నల్ల కోటుగుడ్డ ముక్కలు రెండు పక్కపక్కనే పడి ఉన్నాయి. కోటు ముందువైపుకి ఒకటి కుడిది, ఒకటి ఎడమది కావాలి. ఈ రెండూ ఎడమవే. ఒకదాన్ని తిరగేసి కుట్టేద్దామంటే గుడ్డ లోపలివైపు పైకొస్తుంది. గుడ్డ చాలీచాలకుండా ఉందని, మడత వెయ్యకుండా, కోటు కొలతకి కోసిన అట్ట పెట్టి ఒక్కో ముక్కా విడిగా గీసుకుని కోశాడు మాస్టరు. అలా కోసేటప్పుడు రెండోసారి అట్టను బోర్లా తిప్పాలి. కత్తెర పట్టే ప్రతివాడికీ మొట్టమొదట చెప్పే మాట అది. ఆయన ఎంతోమందికి చెప్పాడు. కొందరికి మొట్టికాయతో కలిపి మరీ చెప్పాడు. ఈ పూట తను తిప్పడం మర్చిపోయాడు.

"రెండు చేతులూ ఒకవైపే ఉన్న పెద్దమనిషి ఎవరైనా దొరికితే చూడు. ఆయనకి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది," అన్నాడు.

భార్య నవ్వలేదు. "ప్లీడరుగారికి రెండు వైపులా ఉన్నాయి. సాయంత్రం ట్రయలుకి వస్తారు," అంది.

ఆ గుడ్డ ప్లీడరుగారి అల్లుడు ఎక్కడినుంచో తెచ్చి పెట్టింది. బజారంతా గాలించినా మరో మూర దొరకదు. కోటు పోతే పోయింది, మాస్టరన్న పేరు పోతే? మాస్టరుకి గుండె దడదడలాడింది. అయితే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఈ మధ్య ఆయన గుండె బనియను తొడుక్కున్నా దడదడలాడుతోంది.

కోవిడ్ వచ్చింది, పోయింది. పోతూ పోతూ సామాను కొంత ఆయన దగ్గరే వదిలేసి పోయింది. ఏడాది దాటినా వచ్చి తీసుకెళ్లలేదు. కాసేపు నిలబడితే కాళ్లు దూదిపింజలవుతాయి. మధ్యాహ్నమయ్యేసరికి బుర్రలో ఎవరో తడిగుడ్డ కుక్కినట్టుంటుంది. డాక్టరు పరీక్షలన్నీ చేయించాడు. రక్తం బాగుంది, గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి అన్నాడు. "అయితే బాగాలేనిది నేనొక్కణ్ణేనన్నమాట," అన్నాడు మాస్టరు. డాక్టరు పాపం మంచివాడు, నవ్వి మళ్లీ అదే మందు రాశాడు.

కొట్టు మేడమీద. మెట్లు ఒక్క ఊపులో ఎక్కే రోజులు పోయాయి. మధ్యలో మలుపు దగ్గర 'గది అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు ఉంటే, ఊపిరి అందేదాకా దాన్ని చదువుతూ నిలబడతాడు. కింద కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన ఇది కనిపెట్టాడు.

"మాస్టరూ, రోజూ అంత శ్రద్ధగా చదువుతున్నావు, గది తీసుకుంటున్నావా ఏంటి?"

"అక్షరాలు బాగున్నాయోయ్."

"పోనీ కిందికి దిగేటప్పుడు చదవవేం?"

మాటలు కూడా సమయానికి దొరకవు. వాడుకలో ఉన్న మాటే నాలుక చివరదాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంది. "అదే... బట్టల్ని కాల్చేది, అది ఇలా ఇయ్యి," అంటాడు. భార్య ఇస్త్రీపెట్టె అందిస్తుంది. "పొడుచుకునేది" అంటే సూది. ఒకసారి "మన మిషను మీద కూర్చునే ఆవిడ" అన్నాడు. ఆ పూటంతా ఇంట్లో ఆయనతో ఎవరూ మాట్లాడలేదు.

ఇన్ని పోయినా చెయ్యి మాత్రం పోలేదనే ఆయన ధైర్యం. ఈ మధ్య చెయ్యి మరింత తీరిందని కూడా అనుకున్నాడు. మునుపు చంక దగ్గర వంపుని రెండు విడతల్లో గీసేవాడు. ఇప్పుడు చూస్తే ఒక్క గీతలో, నీళ్లు జారినట్టు వస్తోంది. గడియారాలాయన్ని పైకి పిలిచి మరీ చూపించాడు. "చూశావా? ఒంట్లో సత్తువ పోయినా చేతిలో విద్య పోదు," అన్నాడు. ఆ హుషారులోనే ఇవాళ, బుర్ర కాస్త తేటగా ఉండే వేళని, భార్య ఇంటిపని ముగించుకుని రాకముందే ఒక్కడూ వచ్చి ప్లీడరుగారి గుడ్డ మీద కత్తెర వేశాడు.

"నేను చూడకముందే ఎందుకు కోశారసలు?" అంది భార్య, ముక్కలు రెండూ ఒకదానిమీద ఒకటి పరిచి.

"నువ్వు చూడకముందేంటి? నువ్వు చూసేదేముంది?"

ఆవిడ సుద్దముక్క వెతకడం మొదలుపెట్టింది. సుద్దముక్క కళ్లెదురుగానే ఉంది.

"అడుగుతున్నాను, చెప్పవేం?"

"ఏం చెప్పమంటారు? మీరు గీసి బల్లమీద ఒరుగుతారు కదా. ఓ కునుకు తీస్తారు కదా. అప్పుడు చూస్తుంటాను. ఎక్కడైనా తేడా వస్తే కాస్త చెరిపి గీస్తాను. మీరు లేచి కోస్తారు."

"కాస్తంటే?"

"కాస్తే."

"చంక దగ్గర వంపు?"

ఆవిడ తెగిన ముక్కలూ మిగిలిన పేలికలూ ఒకచోట చేర్చి, ఒక ఎడమ ముక్కను తిరగేసి చూసి, టేపు పరిచి, వంగి గీసింది. గీత ఒక్క విడతలో, నీళ్లు జారినట్టు దిగింది.

మాస్టరు స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చోవడానికి కాళ్ల నీరసం ఒక సాకుగా ఉన్నందుకు మొదటిసారి సంతోషించాడు. గడియారాలాయన్ని పిలిచి చూపించింది గుర్తొచ్చింది. పక్కింటివాడి బిడ్డను ఎత్తుకుని ముక్కు అచ్చం నాదే అని ఊరంతా తిరిగినట్టుంది తన పని. నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే భార్య మంచినీళ్లిచ్చింది.

"కుడిముక్కకి కింద ఒక అతుకు పడుతుంది," అంది. "జేబు మూత కింద సగం దాగుతుంది."

"మిగతా సగం?"

"ప్లీడరుగారు ఎప్పుడూ చంకలో కాగితాల కట్ట పెట్టుకునే ఉంటారుగా. అది దాస్తుంది."

అయితే కుడిముక్క కొత్తగా కోయాలి. కత్తెర ఆయన వెనక మేకుకి వేలాడుతోంది. అది ఆయన గురువుగారు ఇచ్చిన పెద్ద కత్తెర. దాంతో కాగితం కోయకూడదు, ఇంకొకరు ముట్టకూడదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ముట్టలేదు. ఇప్పుడు కూడా దానివైపు చూడకుండా, మిషను సొరుగులోంచి దారాలు తెంపే చిన్న కత్తెర తీసి, ఆ మందపాటి గుడ్డని ఎలక కొరికినట్టు కొంచెం కొంచెం కోయసాగింది. బొటనవేలు ఎర్రగా కందిపోయింది. మాస్టరు చూస్తూ కూర్చున్నాడు. 'ఇదిగో, తీసుకో' అనాలనుకున్నాడు. ఈసారి మాటలు దొరక్క కాదు, దొరికినవి గొంతు దాటలేదు.

సాయంత్రం ప్లీడరుగారు వచ్చారు. కచ్చాగా కుట్టిన కోటు తొడుక్కుని, అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి, అతుకు మీద వేలు పెట్టారు. కోర్టులో అలవాటు, అటువంటివి ఆయన కంట పడకుండా పోవు.

"ఇదేంటి మాస్టారూ? నా కోటుకి అతుకా?"

మాస్టరు నోరు తెరిచేలోపు భార్య ముందుకొచ్చింది.

"నా పొరపాటండీ. ఆయనకి ఒంట్లో బాగాలేదని నేను కోశాను. అట్ట తిప్పడం మర్చిపోయాను."

"అదేంటమ్మా! సింహంలాంటి మనిషిని ఇక్కడ పెట్టుకుని నువ్వు కోయడమేంటి?" ప్లీడరుగారు నొచ్చుకున్నారు. "మిషను తొక్కడం వేరు, కటింగ్ వేరు. అది ఎవరుపడితే వాళ్లు చేసేది కాదు. ఏం మాస్టారూ?"

సింహం స్టూలు మీద కదిలింది. ఆ మాట హాయిగా ఉంది. చలిరోజున ఇస్త్రీ చేసిన వేడి చొక్కా తొడుక్కున్నట్టుంది. ఊఁ అంటే చాలు, అది ఆయనకే ఉండిపోతుంది. భార్య తల వంచుకుని, కందిన బొటనవేలు కొంగులో చుట్టుకుంటోంది.

మాస్టరు లేచాడు. బల్ల పట్టుకుని, కళ్లు తిరగడం ఆగేదాకా ఉండి, మేకు మీది పెద్ద కత్తెర తీశాడు. తీసుకొచ్చి మిషను మీద, ఆవిడ కుడిచేతివైపు పెట్టాడు.

"ప్లీడరుగారూ, మీ కోటు కోసింది నేను. రెండూ ఎడమవే కోశాను. దాన్ని కోటు చేసింది ఆవిడ. రేపట్నుంచి ఈ కొట్లో కటింగ్ ఆవిడే చేస్తుంది. కాజాలు నేను కుడతాను."