కలపని కార్డులు

మా అత్తగారికి మతిమరుపట. మధ్యాహ్నం కడుపునిండా తిని, సాయంత్రం కొడుకు రాగానే "నీ పెళ్ళాం నాకు అన్నం పెట్టలేదురా" అంటుంది. మా ఆయన నావైపు అదోలా చూస్తారు.

ఆవిడ జ్ఞాపకశక్తికి మంచిదని కంప్యూటర్లో నేనే ఒక ఆట రాశాను. బోర్లించిన పదహారు కార్డుల్లో జతలు వెతకాలి. నిన్న ఆవిడకి గంట పట్టింది. ఇవాళ ఒక్క తప్పు లేకుండా ఎనిమిది జతలూ తీసేసింది.

ప్రోగ్రామ్ తెరిచి చూశాను. ప్రతి ఆటకీ ముందు పేకముక్కల్లా కార్డులు కలిపే లైను రాయడమే మరిచిపోయాను. అన్నీ నిన్నటి చోట్లలోనే ఉన్నాయి.

అంటే, పదహారు చోట్లూ ఆవిడకి గుర్తున్నాయి.

వీధి తలుపు చప్పుడైంది. అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి, నీరసంగా కళ్ళు మూసుకుంది.

"వచ్చావా నాన్నా. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళకి కూడా దిక్కులేదురా."