పిల్లలతల్లి మింగిన నూనె

ఆమె చేసిన చివరి మామూలు పని రెండు చేపనూనె మాత్రలు మింగి, నోరు తెరిచి మొగుడికి చూపించడం. నాలుక పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, "తనిఖీ అయిందా ఇన్‌స్పెక్టరుగారూ?" అంది. ఆయన నవ్వుతూ గ్లాసు అందుకుని వంటింట్లోకి వెళ్లాడు. ఆ మధ్యాహ్నమే ఆమెకు స్పృహ తప్పింది. మళ్లీ రాలేదు.

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆమె క్యాన్సర్ మీద పరిశోధన చేసే ల్యాబులో టెక్నీషియను. కణితి కణాలను ప్లాస్టిక్ ఫ్లాస్కుల్లో పెంచడం పెళ్లికి ముందునుంచీ ఆమె పని. వాటికి తిండిగా పోసే గులాబీరంగు ద్రవం, మీడియం, పసుపుకు తిరిగిందంటే వాటికి ఆకలేస్తోందని అర్థం. పాతది తీసి కొత్తది పోయాలి, లేకపోతే చస్తాయి. అందుకని సెలవు రోజుల్లో కూడా వెళ్లేది. ఒకసారి సొంత ఆడపడుచు పెళ్లిలో, భోజనాల బంతి లేవకముందే మాయమైంది. ల్యాబులో ఆమెకు 'పిల్లలతల్లి' అని పేరు పెట్టారు.

"లోకమంతా చంపాలని చూసేవాటిని కూచోబెట్టి మేపుతావేమే?" అని ఆయన ఎగతాళి చేసేవాడు.

"బలిసినదాన్ని చంపితేనే మందుకు పేరు. బక్కది మందు లేకపోయినా చస్తుంది" అనేది ఆమె.

ఒక ఏడాది ఆ ల్యాబులో నూనెల మీద పని నడిచింది. చేపల్లోనూ అవిసెగింజల్లోనూ ఉండే ఒక జాతి కొవ్వు ఆమ్లాలను మీడియంలో కలిపితే కణితి కణాలు ముడుచుకుపోయి, బుడగలు బుడగలుగా విరిగి చచ్చాయి. పక్క ప్లేటులో మామూలు కణాలు మాత్రం చాలామటుకు తట్టుకున్నాయి. ఆ సాయంత్రం ఆమె చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే అరిచింది. "ఇవాళ నా పిల్లలు మూకుమ్మడిగా పోయారండీ!" ల్యాబు పెద్దావిడ ఫొటో పత్రికలో పడింది. ఆవిణ్ని అందరూ మేడం అనేవారు. ఆయన ఆ ముక్క కత్తిరించి, పనిముట్ల పెట్టె మూతకు లోపలివైపు అంటించుకున్నాడు.

ఆ తరవాత ఆమెకే పేగులో గడ్డ బయటపడింది. ఆపరేషను చేశారు, మందులు ఎక్కించారు. అయినా కాలేయానికి పాకింది.

ఆయన పత్రిక ముక్క ఊడదీసుకుని ల్యాబుకు వెళ్లాడు. వరండాలో ఎదురైన మేడంని నిలబెట్టి అడిగాడు. "ఇది మా ఆవిడకి ఇవ్వొచ్చా మేడం? పనిచేస్తుందా?"

మేడం ఆ ముక్క అందుకుని, మడతపెట్టి ఆయనకే తిరిగిచ్చింది. తరవాత "ఇవ్వండి. మంచిదే" అంది.

ఆయనకు ఏనుగెక్కినంత సంబరం. దొరికిన చేపనూనె మాత్రల్లో మేలైనవి తెచ్చాడు. చేపవాసన త్రేన్పులొస్తున్నాయని ఆమె మొహం తిప్పుకుంటే, "మీ మేడమే చెప్పింది" అనేవాడు.

"ప్లేటులో చచ్చినవన్నీ ఒంట్లోనూ చావాలని రూలుందా?" అంది ఆమె ఒకసారి.

"పాడుమాటలు మాట్లాడకు. మింగు."

మింగింది. ఇక ఇంట్లోనే ఉంచుకోండని ఆసుపత్రివాళ్లు చెప్పిన రోజున కూడా ఆయన డీలా పడలేదు. దారిలో ఆగి కొత్త సీసా కొన్నాడు.

ఆమె పోయాక, బీరువాలో మిగిలిన ఆమె సామాను తెచ్చుకోవడానికి ల్యాబుకు వెళ్లాడు. సగం మిగిలిన సీసా కూడా పట్టుకెళ్లి, ఆమెతో పనిచేసిన అమ్మాయికి ఇచ్చాడు.

"మీ పనికి వాడుకో అమ్మా. పారేయబుద్ధి కాలేదు."

ఆ అమ్మాయి సీసా తిప్పి చదివింది. "ఇది మాకు పనికిరాదు బావగారూ."

"ఏం? మంచి రకమేగా?"

"మంచి రకమే. నూనె పాడవకుండా ఇందులో విటమిన్ ఇ కలుపుతారు. ప్లేటులో నూనెతోపాటు విటమిన్ ఇ పోస్తే కణాలు చావలేదు. నూనె కణం లోపలికెళ్లి చెడితేనే ఆ కణం చస్తుందట. అయినా మేం చూసింది ప్లేటులోనే. మనుషుల ఒంట్లో ఏమవుతుందో మాకేం తెలుసు?"

"మా ఆవిడకి ఇదంతా తెలుసా?"

"ఆ ప్లేట్లు చేసింది అక్కే."

ఆయన సరాసరి మేడం గదిలోకి నడిచాడు. తలుపు తట్టలేదు.

"తడిగుడ్డతో గొంతు కోశారు మేడం! పనిచేస్తుందో లేదో మీకే తెలీకుండా నాకు అరచేతిలో వైకుంఠం చూపించారు. అది కక్కుకుంటుంటే బలవంతాన మింగించాను. ఇవ్వమన్నారా లేదా?"

"అన్నాను."

"ఎందుకన్నారు?"

మేడం లేచి నిలబడింది. ఆయన పత్రిక ముక్క చింపి బల్లమీద పోసి వచ్చేశాడు. ఆ తరవాత ఆ భవనంలో లిఫ్టు ఆగిపోయిందని కబురొస్తే, ఇంకొకణ్ని పంపేవాడు. మేడంని కనబడినవాళ్లందరి దగ్గరా తిట్టాడు. అన్నీ తెలిసి, రోజూ నోరు తెరిచి చూపించిన మనిషి మీద కోపం మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

ఏళ్లు గడిచాయి. మేడం పోయింది. ఆయన చూడ్డానికి వెళ్లలేదు. ఆ సంగతి తెలిసే కాబోలు, ఒకరోజు బజారులో ఎదురుపడిన ఆ అమ్మాయి ఆయన్ని పక్కకు పిలిచింది.

"ఇన్నాళ్లూ మేడం చెప్పొద్దన్నారు బావగారూ. మీకంటే ముందు అక్క వెళ్లింది మేడం దగ్గరికి. నేను అక్కడే ఉన్నాను. 'మా ఆయన వచ్చి అడుగుతాడు. కాదన్నారంటే ఆ రోజే ఏడుపు మొదలెడతాడు. నాకు అది చూసే ఓపిక లేదు మేడం, ఇవ్వమనండి' అంది. మేడం కుదరదన్నారు. అక్క మర్నాడు మళ్లీ వెళ్లింది."