మా అత్తయ్య, ఆవిడ టాప్ లేని కారు

మా మేనత్త పోయారన్న ఫోను వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెం స్టేషన్లో టికెట్ల వరసలో ఉన్నాను. మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కుర్చీలో కూర్చున్నారట. అంతే. ఆవిడ కుర్చీలో కూర్చున్నారన్న సంగతే నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు. డెబ్బై దగ్గరపడినా కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి. నేను వరసలోంచి తప్పుకోకుండా అలాగే నిలబడ్డాను. నా వంతు వచ్చాక కౌంటర్లో ఆయన "ఎక్కడికండీ?" అంటే "మా అత్తయ్య దగ్గరికి," అన్నాను.

ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమని మావాళ్ళు అడిగారు. మంచి మాటలకేం, బోలెడున్నాయి. కానీ ఒక చెడ్డపని కూడా చెప్పాలి, అది చేసింది నేను. అది దాచిపెట్టి రాద్దామంటే కుదురుగా రెండు వాక్యాలు రావడం లేదు.

మావయ్య పోయాక మండవల్లి దగ్గరున్న మూడు చేపల చెరువులూ అత్తయ్యే చూసుకునేవారు. పిల్లలు లేరు. గూడెం కాలేజీలో పాఠాలు చెప్పుకునే నేను, సెలవు దొరికితే అక్కడికే పరిగెత్తేదాన్ని. తెల్లవారగానే ఆవిడ మోపెడ్ మీద గట్ల వెంట తిరిగేవారు. ఒకసారి మలుపులో జారిపడి మోకాలు చితికితే, బంధువులంతా చేరి ఆ మోపెడ్ అమ్మించి ఏసీ కారు కొనిపించారు. నెల తిరక్కుండా దాన్ని వదిలించుకున్నారు.

"గాజుపెట్టెలో కూచుని చూస్తే నీళ్ళు కనబడతాయే, వాసన రాదు," అన్నారు.

చెరువులో ఆక్సిజన్ తగ్గితే నీళ్ళ వాసన మారుతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవకముందే అత్తయ్య ముక్కు ఆ సంగతి పసిగట్టేది. వెంటనే ఏరియేటర్లు వేయించేవారు. వాటి చక్రాలు నీళ్ళని చిలికితే చేపలు బతుకుతాయి. "చచ్చిన చేప వాసన ఎవరికైనా తెలుస్తుందమ్మాయ్. దానికి ముందొచ్చేది పట్టుకోవాలి," అనేవారు. నా చేత ఎన్నిసార్లు పీల్పించినా బురదా, చేపల మేతకి వేసే తవుడూ తప్ప నాకింకేమీ తెలిసేది కాదు.

అలా ఆవిడ దృష్టి టాప్ తెరుచుకునే కారు మీద పడింది. విజయవాడలో ఒక డాక్టరు గారు అలాంటిది అమ్ముతున్నారని తెలిసి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఎర్రకారు, రెండే సీట్లు, పెద్ద ఇంజను, నేలకి జానెడెత్తు. ఎన్ని సెకన్లలో వంద దాటుతుందో డాక్టరు గారు చెబుతుంటే, ఆవిడ బానెట్ మీద చెవి ఆనించి, చెరువు దగ్గర డీజిల్ ఇంజను విన్నట్టు విన్నారు.

"ఏవండీ, ఆ టాప్ ఒకసారి తియ్యండి. ముయ్యండి. మళ్ళీ తియ్యండి."

అయిదోసారికి డాక్టరు గారి మొహం మాడిపోయింది. అప్పుడడిగారు, "డిక్కీలో తవుడు బస్తా పడుతుందాండీ?" అని. టాప్ మడతపడి డిక్కీలోకే వెళుతుంది, అందులో బస్తా కాదు కదా చేతిసంచీ కూడా పట్టదు. ఆయన నవ్వు ఆపుకున్నారు, నేను ఆపుకోలేదు. అయినా ఆ కారే కొన్నారు. తవుడు బస్తాని పక్కసీట్లో కూచోబెట్టి బెల్టు పెట్టేవారు. నేను ఎక్కిన రోజున బస్తాకి చోటు పోయిందని సణిగేవారు.

ఆ కారుతో రోజుకో పేచీ. గట్టు మీద తూము అడ్డొస్తే పొట్ట గీసుకునేది, తూము ఉన్నచోటల్లా చెక్కలు వేయించారు. కోతల రోజుల్లో ఎలుకలు దూరి వైర్లు కొరికేవి. రోడ్డు గుంటల్లో పడి టైర్లకు బుడిపెలు లేచేవి. ఏలూరులో చేపల వ్యాన్లు బాగుచేసే మస్తాన్ గారు ఫోన్లో వీడియోలు చూసి మరీ దాని మరమ్మతు నేర్చుకున్నారు.

"అమ్మగారండీ, ఇది గుర్రవండీ. మీరు గేదెని తోలినట్టు తోలుతున్నారండీ," అని వాపోయేవారు.

"గేదైతే పాలన్నా ఇచ్చేదండీ," అనేవారు అత్తయ్య.

గుర్రం సంగతి ఆవిడకు తెలియక కాదు. ఒక ఆదివారం పొద్దున నన్ను గూడెంలో దింపడానికి బయలుదేరి, ఏలూరు దాటి హైవే ఎక్కాక టాప్ తీశారు. కొంగు నడుముకి దోపి తొక్కారు. లారీలన్నీ వెనక్కి పోయాయి. భయానికో గాలికో నా కళ్ళు నీళ్ళు కారాయి. "అందరికీ చెరువుల కోసమే కొన్నానని చెప్పు," అని ఆ గాలిలోనే అరిచారు. "నీకు మాత్రం నిజం చెబుతున్నా. మీ మావయ్య ఉన్నన్నాళ్ళూ నేను వెనక సీట్లోనే కూచున్నానే!" ఆవిణ్ణి అంత సంతోషంగా మళ్ళీ చూడలేదు.

కిందటి చలికాలం ఆవిడకు దగ్గు పట్టుకుంది. చలిగాలీ దుమ్మూ తగలకూడదన్నారు ఆవిణ్ణి చూసిన డాక్టరు. ఆవిడ వింటేగా! సరిగ్గా అప్పుడే టాప్ మోటారు పాడైంది, అదీ మూసి ఉండగా. నా మొర దేవుడు విన్నాడనుకున్నాను. పార్టు నాలుగు రోజుల్లో తెప్పిస్తానన్నారు మస్తాన్ గారు.

"తెప్పించకండి. పాతకారు, పార్టు దొరకడం లేదని చెప్పండి," అన్నాను.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "అమ్మగారి మొహం చూసి నేను చెప్పలేనండీ. మీరే చెప్పుకోండమ్మా."

నేనే చెప్పాను. ఆవిడ నమ్మారు. ఫోన్ చేసినప్పుడల్లా "ఆ పార్టు సంగతేవైందే?" అని అడిగేవారు. "చూస్తున్నారత్తయ్యా," అనేదాన్ని, తడుముకోకుండా.

నేను ఆలోచించనిది ఒకటుంది. టాప్ తెరిచి ఉంటే ఆవిడ కారు దిగకుండానే మూడు చెరువుల వాసనా చూసేవారు. మూసుకుపోయాక, అద్దం దించినా ఆ సన్నటి కిటికీలోంచి వాసన సరిగా అందదు, ప్రతి చెరువు దగ్గరా దిగాలి. ఆ నేలబారు సీట్లోంచి, చితికిన మోకాలితో, తలుపు పట్టుకుని లేవాలి. కొన్నాళ్ళకు చివరి చెరువు దగ్గర దిగడం మానేసి, అద్దం దించి చూసి తిరిగొచ్చేవారట. ఒక మబ్బు పట్టిన పొద్దున ఆ చెరువులో చేపలన్నీ తేలిపోయాయి. నేను వెళ్ళేసరికి బొచ్చెలూ శీలావతులూ తెల్లటి పొట్టలతో గట్టు పొడుగునా కొట్టుకొచ్చి ఉన్నాయి. అత్తయ్య నన్ను చూసి తల అడ్డంగా ఊపారు.

"తప్పు నాదేనే. దిగాల్సింది. బద్ధకించాను," అన్నారు.

ఒక్కరోజు బద్ధకించి ఎరగని మనిషి.

అప్పుడే చెప్పేయాల్సింది. మర్నాడు చెబుదామనుకున్నాను, వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను, అలా ఆరు వారాలు గడిచాయి. ఆవిడ ఆ తప్పు తనదేననుకుంటూ వెళ్ళిపోయారు. ఆవిడ మంచికే కదా అబద్ధమాడావు, అని ఇప్పుడెవరైనా ఓదార్చబోతే నాకు ఒళ్ళు మండుతుంది.

కర్మలయ్యాక కారు అమ్మే మాటలు మొదలయ్యాయి. నేను ఉండబట్టలేక దాన్ని ఏలూరు తీసుకెళ్ళాను. మస్తాన్ గారు వెంటనే పార్టు కోసం ఫోన్ చేశారు. పార్టు నాలుగో రోజుకి వచ్చింది. బిగించి మీట నొక్కితే టాప్ మెల్లగా వెనక్కి వెళ్ళింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

మర్నాడు తెల్లవారుతుండగా కారు గట్టెక్కించాను. చివరి చెరువులో మళ్ళీ చేపపిల్లల్ని వదిలారు. కారు చప్పుడు విని, చెరువు కాపలా చూసే పెద్దాయన పాకలోంచి పరుగున వచ్చాడు. లోపల నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏరియేటర్లు వెయ్యమంటారాండీ?" అని అడిగి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఇంజను ఆపేశాను. నీళ్ళ మీదనుంచి గాలి వచ్చింది. దాంతోపాటు వాసనా వచ్చింది. అది మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చాను. మళ్ళీ పీల్చాను. ఆయన అలాగే ఎదురుచూస్తున్నాడు.

"వెయ్యండి," అన్నాను.

చక్రాలు తిరిగాయి. నీటి తుంపర గాలికి కారులోకి కొట్టి, నా మొహమూ పక్కసీటూ తడిసిపోతున్నాయి. నేను టాప్ ముయ్యలేదు.