రైట్ అంటే కుడి కాదు

ఆ రోజుల్లో అంటే మరీ పాత సంగతేమీ కాదు, ఎల్బీ నగర్‌కి మెట్రో వచ్చేసిన తర్వాతే. అప్పటికీ ఇప్పటికీ దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఒకటే నమ్మకం, కోచింగ్ లేకుండా ఏ విద్యా అబ్బదని. అక్కడి ఒక కోచింగ్ సెంటర్‌లో నేను రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. వచ్చిన తల్లిదండ్రులందరికీ డెమో క్లాసు ఫ్రీ అని తియ్యగా చెప్పడం నా ఉద్యోగం. (డెమో చెప్పిన లెక్చరర్ ఆ తర్వాత కనిపించడని మాత్రం చెప్పేదాన్ని కాదు. ఎవరూ అడగలేదు కూడా.) రోజూ కౌంటర్‌కి ఇవతల కూర్చుని జనాన్ని బుట్టలో వేస్తున్నాను కదా, అవతల నిలబడితే నన్నెవరూ వెయ్యలేరని గట్టి ధీమా ఉండేది.

అలాంటి నాకు లారీ పిచ్చి పట్టుకుంది. వనస్థలిపురం నుంచి బస్సులో వస్తుంటే ఎల్బీ నగర్ దగ్గర రోజూ ట్రాఫిక్‌లో ఆగిపోయేవాళ్ళం. కిటికీ పక్కన లారీ, అందులో అందరికంటే ఎత్తున డ్రైవరు, ఏ తొందరా లేని ముఖం. కారు లైసెన్సు నాకప్పటికే ఉంది. ఆటోనగర్‌లో లారీలు తిప్పే మా బాబాయి, హెవీ లైసెన్సు తెచ్చుకో, బండి నేనిస్తానని ఒకసారి నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నాడన్నది నేను పట్టించుకోలేదు, మా అమ్మ పట్టించుకుంది. గుంటూరు వైపు నుంచి వచ్చి, మా అన్నయ్యలిద్దరినీ ఈ ఊళ్ళో లేనిపోని కోచింగులన్నీ తిప్పిన మనిషి. వద్దనలేదు. "ఆదివారం తిరుగుదాం. మంచి డ్రైవింగ్ స్కూలని నాకనిపిస్తే చేరు. లేదంటే సోమవారం బ్యాంకు కోచింగ్‌కి వెళ్తావు, లారీ మాట మళ్ళీ ఎత్తకూడదు" అంది. తనకి నచ్చే స్కూలు ఉండదన్న భరోసాతోనే ఒప్పుకుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మొదటిది దిల్‌సుఖ్‌నగర్‌లోనే, మెట్ల మీద. ఏసీ, గాజు తలుపు, గోడ నిండా ఫ్లెక్సీ, అందులో లారీ స్టీరింగ్ పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. (కొంచెం నాలాగే ఉంది. పడిపోవడానికి ఆ మాత్రం చాలు.) బల్ల దగ్గరి ఆయన, అబ్బాయి ఎప్పుడొస్తాడని ముందు అమ్మని అడిగి, నేర్చుకునేది నేనేనని తెలిశాక మాట మాటకీ నన్ను మేడం అన్నాడు. ఎండలో శ్రమ పడొద్దు, ఫొటోకీ పరీక్షకీ వస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటామన్నాడు. అమ్మ తన కోచింగ్ ప్రశ్నలన్నీ వేసింది. డౌట్లు ఎవరు చెప్తారు, వారం వారం టెస్టులున్నాయా, పిల్ల క్లాసు ఎగ్గొడితే ఇంటికి ఫోన్ చేస్తారా. చివరికి లారీ ఎక్కడుందని అడిగితే ఆయన ఫ్లెక్సీ చూపించాడు. బయటికొచ్చాక కూడా నేను మాత్రం ఆ స్కూలు బాగుందనే అన్నాను.

రెండోది చంపాపేట్‌లో. లారీ నిజంగానే ఉంది గానీ ఇటుకల మీద ఉంది. టైర్లు బ్యాచ్ మొదలయ్యేసరికి వస్తాయట. దాని నీడలో దోసెల బండి పెట్టుకున్నాయన మమ్మల్ని చూసి, ఏం కావాలమ్మా, ప్లెయినా మసాలానా అన్నాడు. తినేసి వచ్చేశాం.

ఇక మూడోది మీర్‌పేట్ వైపు పోయే దారిలో ఒక ఖాళీ జాగా. బోర్డు కూడా సరిగ్గా లేదు. రేకుల షెడ్డు, ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ, కాస్త అవతల ముందు అద్దం మీద ఎర్రటి ఎల్ రాసిన పాత లారీ. నేర్పే ఆయన గొంతు పక్క వీధి దాకా వినిపిస్తుంది. (తర్వాత అక్కడ నేర్చుకునేవాళ్ళమంతా ఆయన్ని సైలెన్సర్ లేని సార్ అనేవాళ్ళం.) అమ్మ డెమో ఉందా అని అడిగింది.

"డెమో గిమో ఏం లేదమ్మా. ఎక్కు బిడ్డా, జర చూద్దాం" అన్నాడు.

నేను ఎక్కాను. నా వెనకే అమ్మ, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో హ్యాండ్‌బ్యాగు. ఆయన క్లచ్ చూపించాడు, ఫస్ట్ గేర్ వేయించాడు, అద్దంలో వెనక్కి చూసి "రైట్" అన్నాడు. నేను ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి స్టీరింగు కుడికి తిప్పేశాను. కుడివైపే షెడ్డు ఉంది. ప్లాస్టిక్ కుర్చీ చప్పుడు చేసి చక్రం కిందికి వెళ్ళిపోయింది, షెడ్డు పక్కనున్న మట్టికుప్పకి తగిలి లారీ ఆగింది. అమ్మ ఆంజనేయస్వామిని పైకే తలుచుకుంది.

"ఏందిది? రైట్ అంటె పోనియ్యమని. బస్సుల కండక్టర్ రైట్ రైట్ అంటె డ్రైవర్ కుడికి తిప్పుతడా? రోజు బస్సుల తిరుగుతవ్, చెవులు ఏడ వెట్టినవ్?"

అది మొదలు మాత్రమే. తిడుతూనే రివర్స్ వేయించాడు, తిడుతూనే వెనక్కి తీయించాడు. కళ్ళల్లో నీళ్ళు నిండి అద్దాలు సరిగ్గా కనిపించలేదు. అయిపోయింది, రేపటి నుంచి బ్యాంకు కోచింగే అనుకుంటూ, బండిని మొదట ఉన్నచోట పెట్టి దిగాను. అమ్మ చీర సర్దుకుని, చితికిన కుర్చీని కాసేపు చూసి, రోజూ ఇలాగే తిడతారా అని ఆయన్ని అడిగింది. ఆయన ఇబ్బందిగా తల గోక్కున్నాడు. తప్పు చేస్తె తిడత, మంచిగ నడిపితె ఎందుకు తిడత అన్నాడు.

"ఇక్కడే చేరు" అంది అమ్మ నాతో.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ సీటు నాకిచ్చింది. ఎల్బీ నగర్ దాటాక, "మీ అన్నయ్యలకి ర్యాంకులు రాని చోట్ల అందరూ మర్యాదగానే మాట్లాడారే" అంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో సర్దుకుని, "ఏడ్చి దిగిపోతావనుకున్నాను. తిట్లు తింటూనే వెనక్కి తీశావు" అంది. అన్నయ్యల మార్కుల కార్డులు చూస్తున్నప్పుడు కూడా అమ్మ గొంతు అలా లేదు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, కిటికీ వైపు తిరిగి లారీలు చూస్తున్నట్టు నటించాను.

లైసెన్సు వచ్చింది. బాబాయి కొన్నాళ్ళు మా ఇంటి వైపు రాలేదు గానీ, చివరికి మాట నిలబెట్టుకున్నాడు. ఆ లారీ నడపడం మొదలుపెట్టి ఇప్పటికి చాలా కాలమే అయింది, నేనూ ఏ తొందరా లేని ముఖంతోనే ఎల్బీ నగర్ దాటుతున్నాను. గుంటూరు వైపు లోడు దొరికితే అమ్మ కూడా అదే హ్యాండ్‌బ్యాగుతో ఎక్కి పక్కన కూర్చుంటుంది. నేను బండి కదిలించబోయే ముందు తన వైపు అద్దంలోకి ఒకసారి చూసి, ఎవరూ అడక్కపోయినా, "రైట్" అంటుంది. నా చేతులు ఇప్పటికీ ఒక్క క్షణం కుడికి పోవాలని చూస్తాయి. వాటిని ఆపి, నవ్వుకుని, తిన్నగా పోనిస్తాను.