కోడి కెలికిన కుండీ

పెదకాకాని చుట్టుపక్కల మిరప వేసే రైతులకు సైదాబీ పోసిన నారంటే గురి. ఆమె పోసిన గింజ మొలవలేదన్న మాట ఎవరూ వినలేదు. అందుకే 1957లో దసరా వెళ్లగానే గుంటూరు బడిపంతులమ్మ రాజరాజేశ్వరి, ఊటీ నుంచి తెచ్చిన ప్రిమ్‌రోజ్ పూల గింజల పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

గింజలు నశ్యమంత సన్నం. సైదాబీ సగం తీసి, మిరప నారు పోసినట్టే బూడిద కలిపి కుండీలో చల్లింది. పైన జల్లించిన ఎరువు పరిచి అదిమి, తాటాకు కప్పింది.

నెల గడిచినా ఒక్కటీ మొలవలేదు.

రేవుకు పోతూ యలమందయ్య ఆగాడు. ఏటా ఆమె దగ్గరే నారు కొనే రైతు.

"ఏమ్మే సైదాబీ, కుండీలో మట్టి పెంచుతున్నావా? వచ్చే ఏడు నారు నీ దగ్గర తీసుకోవాలో వద్దో ఆలోచించుకోవాల్సిందే!"

నవ్వుతూనే అన్నాడు. సైదాబీకి నవ్వు రాలేదు.

విసుగుపుట్టి తాటాకు తీసి పక్కన పడేసింది. మర్నాడు కోడిపెట్ట ఎక్కి కుండీ అంచున కెలికింది. అదిలించి, తడి ఆరనివ్వకుండా చూసింది. పది పన్నెండు రోజులకు సరిగ్గా కెలికిన చోటే గుండుసూది తలంత ఆకులు రెండు లేచాయి. మిగతా కుండీ బోడిగానే ఉంది. సైదాబీ గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. లోపలి గింజను కోడి పైకి లాగింది. వెలుగు తగిలింది. మొలిచింది.

పంతులమ్మ వస్తే సంగతి చెప్పింది.

"పైన ఏమీ కప్పకపోతే ఎండిపోదూ? ఉన్నది ఆ సగమే సైదాబీ. పోతే ఇక లేవు."

"కప్పి చూశాంగా అమ్మగారూ. ఈసారి కప్పకుండా చూద్దాం."

మిగిలిన గింజలు మట్టి మీద ఊరికే చల్లింది. పై నుంచి నీళ్లు పోస్తే కొట్టుకుపోతాయని కుండీని నీళ్ల పళ్లెంలో నిలబెట్టింది. ఎండ పడని ఉత్తరపు గోడవార, మంచినీళ్ల బాన పక్కన చోటిచ్చింది. కార్తీకం చలి కూడా కలిసొచ్చింది.

మాఘం చివర లేత వంగపువ్వు రంగులో గుత్తులు విచ్చాయి. పంతులమ్మ బడి మెట్ల మీద పెడతానంది.

"పొద్దున కాసేపే అమ్మగారూ. తొమ్మిదయ్యేసరికి నీడలో ఉండాలి. ఉగాదికి ఎండలు ముదిరితే ఎట్టాగూ ఉండవు."

యలమందయ్య కూడా వచ్చి వంగి చూశాడు.

"ఇంత చేసీ, తినేదేనా?"

"కాదు బాబాయ్."

"సరేలే. వచ్చే ఏటికి నా రెండెకరాల నారు మర్చిపోకు."

"ఆలోచించుకుంటానన్నావుగా. ఆలోచించుకునే రా" అంటూ సైదాబీ పళ్లెంలో నీళ్లు మార్చింది.