నల్లగుడ్డ మీద తెల్లపూస

పందొమ్మిదివందల అరవైల్లో మాట. ధర్మవరంలో నేను నేసిన పెండ్లి పట్టుచీర ఒకటి వెనక్కి వచ్చింది. ఎడమ అంచులో అక్కడక్కడా జరీ పోగులు తప్పాయట. సావుకారు దాన్ని నా ముందు పరిచి, "ఏమప్పా, నిద్రపోతా నేసినావా? ఇంకొకటి ఇట్ల వచ్చిందంటే నీకు పట్టు ఇయ్యను, మగ్గం ఇంకొకరికిస్తా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పాతికేళ్ళుగా పోగు తప్పని చెయ్యి నాది. నేస్తున్నప్పుడు అంచు నిండుగా కనబడింది, దేవుడి మీద ఒట్టు!

నా భార్య ఊరుకోలేదు. "ఎండాకాలంలో తల తిరిగి మగ్గం మిందనే పడితివి కదా. అప్పట్నుంచి ఎడమ పక్క ఏమున్నా తగులుకుంటాండావు. కండ్లు చూపిచ్చుకుందాం పా" అని బస్సెక్కించింది. రాప్తాడు దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. చూపు పోయిందని తేలితే మగ్గం పోయినట్టే. నాకు ఇంకే పనీ రాదు.

అనంతపురంలో కంటి డాక్టరు కోస్తా మనిషి. గోడకు పెద్ద నల్లగుడ్డ కట్టి ఉంది, దాని నడుమ ఒక తెల్లచుక్క. నన్ను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి ఒక కన్ను మూశాడు. ఆయన చేతిలో నల్లటి పుల్ల, దాని కొనకు చిన్న తెల్లపూస.

"చుక్కనే చూడండి. పూస కనబడినప్పుడల్లా చెప్పండి. చూపు పక్కకు తిప్పకూడదు" అన్నాడు.

మొదట కుడివైపు. "ఉండాది" అన్నాను. పూస కొంచెం జరిగి ఆగుతుంది, మళ్ళీ జరుగుతుంది. మగ్గంలో పోగు పట్టుకుని నాడె ఇటునుంచి అటు పోయేంత సేపు. ఆ నడక నాకు ఇట్టే పట్టుబడింది. ఎడమవైపుకు వచ్చాక కూడా "ఉండాది, ఉండాది" అన్నాను. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది గానీ ధైర్యం వచ్చింది. సావుకారు మొహం మీదనే చెప్తాను అనుకున్నాను.

"ఇప్పుడు?"

"ఉండాది."

"ఇప్పుడు?"

"ఉండాది సార్, బాగా కనబడతాండాది."

వెనకనుంచి నా భార్య గొంతు వినబడింది. "సారు చేతిలో పుల్ల లేదు. అప్పుడే బల్ల మింద పెట్టినాడు."

తల తిప్పి చూశాను. ఆయన ఒట్టి చేతులతో నిలబడి ఉన్నాడు.

"నేను అబద్ధం చెప్పలా సార్! నాకు కనబడింది!" అని అరిచాను.

"తెలుసు" అన్నాడాయన. ఈసారి పూసను లెక్క అందకుండా ఇష్టమొచ్చినట్టు జరిపాడు. ఒక కన్నయ్యాక ఇంకో కన్ను. ఎడమవైపు ఒక్కసారి కూడా నాకు దొరకలేదు.

"రెండు కళ్ళకూ ఒకే పక్క పోయింది. అంటే తప్పు కళ్ళలో లేదు, అవి పంపింది అందుకునే మెదడులో ఉంది. మెదడు ఖాళీని ఖాళీగా ఉంచదు. అక్కడ ఏముండాలో తనకు తెలిసిందే పెట్టి చూపిస్తుంది. ఇక నుంచి ఎడమవైపుకు తల తిప్పి చూసుకోండి."

"చూపు మళ్ళా వస్తాదా సార్?"

"చెప్పలేను. రాకపోవచ్చు."

పోగు పోగుకూ తల తిప్పడమా! కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేస్తారు ఆ పని. మరునాడు పొద్దున పంతానికి తల తిప్పకుండానే జానెడు నేశాను. అంచు నిండుగా ఉంది. ఎందుకో వేలు ఆనించి చూశాను. రెండుచోట్ల గోరు పోగు తప్పిన సందులోకి దిగింది. కళ్ళకు మాత్రం ఇంకా నిండుగానే ఉంది. నా కళ్ళంటే నాకే భయమేసింది. ఏడుపొచ్చింది.

"ఏమే, ఈ పక్క కూచో. తప్పితే చెప్పు" అన్నాను.

వచ్చి నా ఎడమవైపు కూర్చుంది. నాలుగో పోగుకే "తప్పింది" అంది.

తిట్టలేదు. పోగు విప్పాను.